చెమర్చే పొర

1956 అక్టోబరు 14, ప్రొద్దుటూరు

నిన్నటి సంగతి జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. ఆలస్యం చేస్తే మనసు దాన్ని దిద్దుతుంది.

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి. ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. తెల్లవారేసరికి కనకం మెలకువగానే ఉంది. కడుపు పలకలా బిగిసి ఉంది. చెయ్యి వేస్తే వేడి. ఆరింటికి నీళ్లు అడిగింది. ఇవ్వకూడదని నర్సమ్మ అన్నది. తడిగుడ్డతో పెదవులు తుడిచాను.

ఎనిమిదింటికి డాక్టరమ్మ వచ్చింది. గొట్టం కడుపు మీద నాలుగు చోట్ల ఆనించి, ఒక్కోచోట చాలాసేపు విన్నది. “పేగు సద్దు లేదు” అన్నది. నాతో కాదు, నర్సమ్మతో. తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది.

“నొప్పి మొదలైనాక విరేచనానికి ఏమైనా ఇచ్చారా? ఆముదంగానీ, ఇంకేదైనాగానీ?”

“లేదు.”

రాసుకుంది.

గురువారం పరగడుపున నా చేత్తోనే ఇచ్చాను. ఇత్తడి గిద్దలో సగానికి. నొప్పి బుధవారం సాయంత్రమే మొదలైంది. తాగేదాకా మంచం పక్కనే నిలబడ్డాను.

కోసి చూస్తే తట్టుకోలేదన్నారు. పన్నెండింటికి చేతి దగ్గర నాడి అందలేదు. రెండున్నరకు నేను బయటికి పోయి వచ్చాను. కళ్లు తెరిచి “కాళ్లు కడుక్కున్నారా” అన్నది. కడుక్కున్నానన్నాను. అది కూడా అబద్ధమే. మూడుంబావుకు పోయింది.

పోయినాక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పేగులో ఉండవలసింది పేగు గోడ దాటి నెత్తురులో కలిసిందట. తూటు పడిందో, ఊరికే కారిందో కోసి చూడనిదే చెప్పలేదట. వయసు మళ్లినవాళ్లలో ఆ గోడ అంత గట్టిగా ఉండదేమో అన్నది. ఎందుకుండదు అని అడిగాను. “మీరు జంతుశాస్త్రం చెప్పినవారు గదా, నన్నడుగుతారేమి” అన్నది. కోపంతో కాదు.

కారులో తెచ్చాము. నవమి. దసరా ఊరేగింపుకు వీధులు కట్టేశారు. జనం మధ్య అరగంట ఆగింది. ఒక పిల్ల అద్దంలోంచి చూసి “అవ్వ నిద్రపోతాంది” అని ఎవరికో చెప్పింది.

ఈ పొద్దున పెన్న ఒడ్డున అయిపోయింది.

అక్టోబరు 15

పొద్దున గుడగుడమని చప్పుడు. పక్క గదిలోనుంచి అనుకొని లేచిపోయి చూశాను. నా కడుపే.

అక్టోబరు 19

పరామర్శకు వచ్చిన ప్రతివారూ అడుగుతున్నారు — ఏమైంది, ఏమైంది. కడుపునొప్పి అంటున్నాను. అందరూ తల ఊపి “యాభైతొమ్మిదేండ్లు, పెద్ద వయసేం కాదు” అంటున్నారు. ఒకాయన మాత్రం — “అంత క్రమంగా బతికిన మనిషి గదా ఆమె. నెలనెలా ఆముదం తప్పకపోయ.”



మా ఇంట్లో నెలకొకసారి అందరికీ ఆముదం. మా నాయన పోసేవాడు. తర్వాత నేను. అమావాస్య వెళ్లిన మొదటి గురువారం. ముప్పై ఎనిమిదేళ్లు కనకానికి నేనే కొలిచాను. ఇరవై ఏళ్లప్పుడు ఎంతో, యాభైతొమ్మిదికీ అంతే. గిద్దలో సగానికి ఉన్న ఆ గీత ఎప్పుడూ మార్చలేదు.

అక్టోబరు 26

కర్మలన్నీ అయినాయి. కమల ఇవాళ పులివెందుల పోయింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి — “అమ్మ పరుపు ఎవరికన్నా ఇచ్చెయ్ నాన్నా. ఇంట్లో పెట్టుకోకూడదు.”

ఇస్తానన్నాను.

“చివరికి అమ్మ ఏం తినింది?”

ఏమీ తినలేదన్నాను. నిజమే. తినలేదు.

పరుపు చుట్టి పెరటి కొట్టంలో పెట్టాను.

అక్టోబరు 28

బావి దగ్గర కాళ్లు కడుక్కోకుండా లోపలికి వచ్చాను. కావాలని. అనంతపురం కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా ఉన్నన్నాళ్లూ ఇంటికి రాగానే గడప అవతలే ఆపేది. “కప్పల చేతులతో లోపలికి రావద్దు.” చెంబు అక్కడే ఉండేది.

ఈరోజు ఎవరూ ఆపలేదు. లోపలికి వచ్చి గది మధ్యలో నిలబడిపోయాను. నాతోపాటు ఏదో లోపలికి వచ్చినట్టు ఉంది.

వెనక్కి పోయి కడుక్కొని వచ్చాను.

అక్టోబరు 30

వంటింటి గూట్లో ఆముదం జాడీ చెమర్చి ఉంది. బయటి వైపు సన్నని బొట్లు. ఎక్కడా పగలలేదు. తుడిచి పెట్టాను.

నవంబరు 1

ఈరోజు నుంచి ఆంధ్రప్రదేశ్. ఊరంతా టపాకాయలు. దీపావళికో, రాష్ట్రానికో తెలియదు.

జాడీ మళ్లీ చెమర్చింది.

నవంబరు 4

మధ్యాహ్నం వీధిలో దూదేకుల వింటి చప్పుడు. డుం… డుం… అంత దూరం నుంచే దస్తగిరి అని తెలుస్తుంది. ఈ ఇంటి పరుపులన్నీ అతనివే. వచ్చి అరుగు కింద కూర్చున్నాడు. విల్లు పక్కన ఆనించాడు. తర్వాత —

“అమ్మ మంచిది సామీ.”

“ఊ.”

“పరుపు యాడుండాది?”

“కొట్టంలో.”

“ఏకి ఇచ్చేదా? ఎవురికన్నా పనికొస్తాది.”

తర్వాత చూద్దాం అన్నాను. లేస్తూ వింటి నరం వేలితో మీటి చూసుకున్నాడు. అది దేనితో చేస్తావని అడిగాను. నాకు తెలుసు. ఎందుకడిగానో తెలియదు.

“గొర్రె పేగు సామీ. మీ ఎదురుగా చెప్పకూడదు గాని.”

“ఏ గొర్రెదైనా పనికొస్తుందా?”

నవ్వాడు. “ఏందది, అట్లడుగుతారు? వయసు గొర్రెది కావల్ల. ముసలిదాని పేగులో నీళ్లు పోసి ముడేసి యాలాడగడితే, గడియ సేపటికి చెమట పడుతాది. తూటుండదు, చీలికుండదు. ఊరికే బయట తడి. పొర ఉంటాది సామీ. పట్టు ఉండదు.”

ఈ మాటలు అతను పోయిన వెంటనే రాసుకున్నాను. ఇది పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు.

నవంబరు 5

పొర ఉంటుంది. పట్టు ఉండదు.

గురువారం నేనిచ్చింది ఏ పొర మీద పోశాను? ఇరవై ఏళ్ల పొర మీదా, యాభైతొమ్మిదేళ్ల పొర మీదా? ఆ సగం గిద్ద లేకపోతే ఆమె ఉండేదా? ఇది తెలుసుకోవాలి. తెలుసుకొని ఏం చేస్తానో తర్వాత.

పెట్టె తెరిచాను. సూక్ష్మదర్శిని అద్దాలకు బూజు. పలచగా పొరలు కోసే యంత్రం తుప్పు. రంగుల సీసాలు సగం బాగానే ఉన్నాయి.

నవంబరు 7

దస్తగిరికి చెప్పాను — ఒక పిల్లది, ఒక ముసలిది. కోసిన వెంటనే, వెచ్చగా ఉండగానే.

నోరు తెరిచి చూశాడు. “బాపనయ్యకు పేగులేంటికి సామీ? ఈ వయసులో రుచి పుట్టిందా?”

పరీక్షకు అన్నాను.

“ఎవురు రాస్తారు పరీక్ష? గొర్రెనా?”

తెస్తానన్నాడు. ఎవరికీ చెప్పనన్నాడు. చెబితే వీధిలో నాకంటే తనకే ఎక్కువ తిట్లట.

నవంబరు 8

తెచ్చాడు. రెండు ముంతలు. పాలపళ్లు ఊడని పిల్ల ఒకటి, పళ్లరిగిన గొర్రె ఒకటి. కొట్టంలోనే పని. ఇంట్లోకి తేలేదు.

గోరువెచ్చని ఉప్పునీళ్లలో జానెడు ముక్క వేశాను. ముసలిది. కోసి గంటన్నర అయింది. అది కదులుతోంది. ఒక చోట నొక్కుకొని, ఆ నొక్కు మెల్లగా ముందుకు పోతోంది. మళ్లీ ఇంకొకటి. లోపల ఏమీ లేదు. దేన్నో ముందుకు తోస్తూనే ఉంది.

దీన్ని ఏడాదికొకసారి విద్యార్థులకు చూపించేవాణ్ణి. పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. నేను నవ్వేవాణ్ణి.

చెవి దగ్గర పెట్టాను. సద్దు ఉంది.

నవంబరు 9

ముక్కలు ఫార్మలిన్‌లో. రేపటి నుంచి సారా నీళ్లు, పలచనివి ముందు, చిక్కనివి తర్వాత. చివరికి మైనం. తొందర పనికిరాదు.

నవంబరు 12

మొదటి మాసికం. భోక్త తిన్నాడు. తృప్తి అయిందా అని మూడుసార్లు అడగాలి, అడిగాను. తృప్తి అన్నాడు. ఇంత అన్నం ఆయన కడుపులోకి పోయి ఆమెకెట్లా అందుతుంది… ఏ గోడ దాటి.

జాడీ ఉన్న గూటి వెనక వైపు కనకం పడుకునే గది. అక్కడ గోడ మీద నూనె మరక. అరచేయంత. మట్టిగోడ. పీల్చుకుంటుంది. అంతే.

నవంబరు 13

డాక్టరమ్మకు జాబు మొదలుపెట్టాను. “ఆ రోజు మీరు అడిగిన ప్రశ్నకు” అన్నదాకా వచ్చింది.

నవంబరు 18

గాజు పలకలు సిద్ధమయ్యాయి. రెండు రోజులుగా చూస్తున్నాను.

పేగు లోపలి పొర అంతా ఒకే ఒక్క వరుస కణాలు. పక్కపక్కన నిలబడ్డ పొడుగాటి ఇటుకల్లాంటివి. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గీసిన బొమ్మే. ఇన్నాళ్లూ తట్టలేదు — మనం తిన్నది కడుపులో ఉన్నంతసేపూ నిజానికి అది బయటే. నోటి నుంచి కిందిదాకా ఒక వీధి పోతుంది మనలోనుంచి. ఆ వీధికీ మనకూ మధ్య ఉన్నది ఇంతే, ఒక్క కణం మందం.

పక్కపక్క కణాలు కలిసే చోట, పై అంచున, నల్లచుక్క. రెండింటినీ కట్టిపట్టినట్టు. పిల్ల పేగులో అవి వరుసగా ఉన్నాయి. చుక్క, చుక్క, చుక్క. కనకం ముగ్గుకు ముందు పెట్టే చుక్కల్లాగా, ఒక్కటి తప్పకుండా.

ముసలిదాంట్లో — ఐదు చుక్కలు, ఒక ఖాళీ. రెండు చుక్కలు, ఖాళీ. వేళ్లలాంటి మడతలు పొట్టిగా, లావుగా ఉన్నాయి. వాటి కొనల్లో కణాలు రాలిపోయిన చోట పక్క కణం వెడల్పుగా సాగి ఆ సందును కప్పాలని చూస్తోంది. చాలీచాలని దుప్పటిలాగా.

నా కోత తప్పు కావచ్చు. రంగు పట్టకపోయి ఉండవచ్చు. ఆ పేగు కబేళా నుంచి ఆలస్యంగా వచ్చి ఉండవచ్చు.

మళ్లీ చూశాను. ఖాళీలు అక్కడే ఉన్నాయి.

నవంబరు 21

దస్తగిరి మళ్లీ తెచ్చాడు. ఈసారి పలకలు కాదు.

పేగు ముక్కలు నాలుగు. రెండు పిల్లవి, రెండు ముసలివి. ఒక పిల్లదాన్నీ ఒక ముసలిదాన్నీ మాత్రం పావుగంట ఆముదంలో నానబెట్టాను — అదే జాడీ. తర్వాత నాలుగింటిలోనూ ఎర్రరంగు నీళ్లు నింపి, రెండు కొసలూ దారంతో కట్టి, నాలుగు గాజు గ్లాసుల్లో వెచ్చని ఉప్పునీళ్లలో వేలాడదీశాను. మంచి పొర అయితే ఆ రంగును బయటికి వదలదు. గ్లాసులు ఇంట్లోవే. వంటింట్లోనుంచి తెచ్చేటప్పుడు వెనక్కి చూశాను.

మొదటిది, పిల్లది. గంటన్నర. నీళ్లు తేట.
రెండోది, పిల్లది, ఆముదం పట్టింది. ముప్పావుగంటకు లేత గులాబి.
మూడోది, ముసలిది. గంటకు లేత గులాబి.
నాలుగోది, ముసలిది, ఆముదం పట్టింది. ఇరవై నిమిషాలకు ఎర్రటి పోగు ఒకటి దిగింది. దారంలాగా నిటారుగా. తర్వాత ఇంకొకటి. అరగంటకు గ్లాసంతా ఎరుపు.

దస్తగిరి గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. “ఏడుస్తాంది సామీ అది” అన్నాడు.

ముడులు లాగి చూశాను. ముడి సరిగానే ఉంది.

నవంబరు 22

అన్నం సహించలేదు.

నవంబరు 24

మళ్లీ చేశాను. ఇంకో ముసలి గొర్రె. నాలుగో గ్లాసు మళ్లీ ఎరుపు. ఇరవైఐదు నిమిషాలు.

మిగిలిన ముసలి పేగు పారేయబోతే దస్తగిరి తీసుకున్నాడు. “దండుగెందుకు సామీ. నరం పేనుతా. ఒక్క పరుపుకు ఆగితే శానా.”

నవంబరు 29

కొట్టంలో దస్తగిరి పేని ఆరబెట్టిన నరం. తాకితే తడి. ఐదు రోజులైనా ఆరలేదు.

డిసెంబరు 1

దీన్ని ఎట్లా రాయాలో తెలియదు. జరిగిన వరుసలో రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి దస్తగిరి వచ్చాడు. ఆ నరమే వింటికి కట్టాడు. కొట్టం దూలానికి విల్లు వేలాడదీసి, కొయ్య గుదితో ఒక దెబ్బ కొట్టి చూశాడు. డుం అనలేదు. ఏదో… గొంతు సవరించుకున్నట్టు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాము.

“పాత నరం” అన్నాడు. “పలకరిస్తాది.”

పరుపు విప్పాలి. నేనే విప్పుతానన్నాను. తలవైపు, గోడ పక్క మూల కుట్టు తేడాగా ఉంది. మిగతా కుట్టు దస్తగిరిది. ఆ బెత్తెడు కుట్టు మాత్రం నీలం దారం. కనకం దారం. ఒక్క పోగు లాగితే తెరుచుకునేటట్టు వేసి ఉంది.

చెయ్యి పెట్టాను. దూది మెత్తగా లేదు. ముద్దలు. బయటికి తీశాను. పైన పసుపు, లోపలికి పోయేకొద్దీ గోధుమరంగు, అడుగున నల్లగా, గట్టిగా. ఒకదాని వెనక ఒకటి, వరుసగా దాచినట్టు.

వాసన చూడనక్కరలేదు. ఆముదం.

“దస్తగిరీ.”

అతను తల ఎత్తలేదు.

“ఇదేంది?”

“మీకు తెల్దా సామీ?”

“నీకు తెలుసా?”

గుది పక్కన పెట్టాడు. “పోయినేడు ఉగాదికి ఇప్పినప్పుడు గూడా ఉండె. దానికి ముందరా ఉండె. నేనే తీసిపారేసి కొత్త దూది పెడతాంటి. అమ్మ చెప్పొద్దనె.”

“ఏమన్నది?”

“నా కడుపు పట్టదు దస్తగిరీ, శానా ఏండ్లాయ. తాగితే రెండు దినాలు లేవలేను. ఆయనకు చెప్తే పుస్తకం తీస్తాడు… అనె. నవ్వె గూడా.”

“నాకెందుకు చెప్పలేదు నువ్వు?”

“మీరు అడగల్యా సామీ.”

ముద్దలు వేరు చేసి వరుసగా పెట్టాను. పద్దెనిమిది. పోయిన ఏడు ఉగాది వెళ్లిన ఏప్రిల్ నుంచి ఈ సెప్టెంబరుదాకా పద్దెనిమిది నెలలు.

అక్టోబరుది లేదు.

ప్రతి నెలా గిద్ద చేతికిచ్చి, చారు తేవడానికి వంటింట్లోకి పోయేవాణ్ణి. వచ్చేసరికి ఖాళీ గిద్ద, వికారపు మొహం. అక్టోబరులో నొప్పిగా ఉందని వంటింట్లోకి పోలేదు. నిలబడ్డాను. నా వైపు ఒకసారి చూసింది. నీరసం అనుకున్నాను. తాగింది.

మధ్యాహ్నందాకా దూది ఏకాడు. నరం ప్రతి దెబ్బకూ అదే గొంతు. పన్నెండు దాటినాక ఆపేసి, నరం విప్పి దూలానికి తగిలించాడు.

“ఇది నాకొద్దు సామీ. మాట్లాడతాంది.”

డిసెంబరు 2

ఆ చూపు.

డిసెంబరు 4

మరక ఎట్లా వచ్చిందో తెలిసింది. ఆమె మంచం తలవైపు, సరిగ్గా చెయ్యి అందే ఎత్తు. వేళ్లు తుడుచుకునేది. జాడీతో సంబంధం లేదు.

అయితే ఆమె పోయి యాభై రోజులైంది. అరచేయంత ఉన్నది ఇవాళ పళ్లెమంత ఉంది.

డిసెంబరు 6

కమల జాబు. పక్కన పెట్టుకొని రాస్తున్నాను.

“…మా అత్తకు ఐదారు దినాల నుంచి కడుపు ఉబ్బరం, నొప్పి. డెబ్బై దాటినాయి గదా. ఆముదం పోయమంటాంది. అమ్మకు నువ్వు కొలిచే లెక్క ఎంతో రాయి నాన్నా. అమ్మ ఏనాడూ మానలేదని అత్తకు చెప్తాంటాను.”

డిసెంబరు 7

కార్డు వేశాను. “ఆముదం వద్దు. డాక్టరుకు చూపించండి.” ఇంకా స్థలం ఉంది కార్డులో. సగానికి పైగా ఖాళీ. అట్లాగే వేశాను.

డిసెంబరు 10

మూడోసారి నాలుగు గ్లాసులు. ఈసారి ముడులు రెండేసి. నీళ్ల వేడి అరగంటకొకసారి చూశాను. గొర్రె ముందటి వాటికంటే ముసలిది, ముందరి పళ్లే లేవు.

మొదటిది తేట. రెండోది గులాబి. మూడోది గులాబి.

నాలుగోది తేట.

గంట. తేట. రెండు గంటలు. ఎండ గ్లాసులోనుంచి అవతలికి పోయి గోడ మీద పడుతోంది. పేగు మాత్రం కదులుతోంది, నొక్కుకుంటూ, వదులుతూ. లోపలి రంగు లోపలే ఉంది.

దస్తగిరి సంతోషపడ్డాడు. “సూడండి సామీ, ఇది పట్టింది.”

 రెండుసార్లు కారింది, ఒకసారి కారలేదు. అంటే ఏమిటి? కొన్ని పొరలు ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. ఆమెది ఏదో ఏ గ్లాసూ చెప్పదు. ఆ సగం గిద్దే చంపిందో, ముందే మొదలైనదాన్ని తొందరచేసిందో, దానికీ దీనికీ ఏమీ లేదో… తెలియదు. ఎప్పటికీ తెలియదు.

ఒక్కటి తెలుసు. ఆమెకు తెలుసు. పలకలు లేకుండా, రంగులు లేకుండా, తన కడుపు సంగతి తనకు తెలుసు. అడిగి ఉంటే చెప్పేది.

డిసెంబరు 12

మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. కొట్టంలో నరం మోగింది. దూలానికి వదులుగా వేలాడుతోంది, బిగువు లేదు. అయినా మోగింది. ఒక్కసారి.

వాకిట్లో నిలబడి “ఏమి?” అన్నాను. బయటికే అన్నాను.

డిసెంబరు 13

పేగులన్నీ పూడ్చాను. గ్లాసులు తోమాను. నాలుగోది ఎంత తోమినా ఎత్తి పట్టుకుంటే ఎర్రని జీర. అదే గ్లాసా, ఇంకోటా? గుర్తు పెట్టుకోలేదు.

జాడీ బావి దగ్గర బోర్లించాను. అడుగున ఏమీ లేదు. పరీక్షలకు తీసింది రెండు గిద్దలే. మిగతా అంతా ఎటు పోయింది?

డిసెంబరు 14, శుక్రవారం

కమల రెండో జాబు పదకొండింటికి వచ్చింది.

“నీ కార్డు అందింది. వద్దని రాసినావు, ఎందుకు వద్దో రాయలేదు. అత్త వినడం లేదు. ‘ఇన్నేండ్లు మీ నాయన మీ అమ్మకు పోయలేదా? ఆయనేమన్నా తెలియనోడా, కాలేజీలో చెప్పినోడు గదా’ అంటాంది. ఈ శనివారం గండికి పోయి స్వామి దర్శనం చేసుకొని వస్తాము. ఆదివారం పరగడుపున ఇస్తాము. అత్త మొహం తిప్పుకుంటాది, సగం పారబోస్తాదని నాకు తెలుసు. అందుకే తాగేదాకా నేను పక్కనే నిలబడతాను. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.”

పక్కనే నిలబడతాను.

పోస్టాఫీసుకు పోయాను. టెలిగ్రాం ఫారం తీసుకున్నాను. వద్దు, ప్రమాదం, నాన్న. గుమాస్తా నా వైపు చూశాడు. ఫారం మడిచి జేబులో పెట్టుకొని వచ్చాను. ఆ మూడు మాటలకు ఆమె ఎందుకు అని అడుగుతుంది. అది అడగవలసిన ప్రశ్నే. డాక్టరమ్మ అడిగినదానికీ నేను అబద్ధమే చెప్పాను.

గాజు పలకలు తీసుకుపోను. వాటిని చూపిస్తే శాస్త్రం చెబుతాను. శాస్త్రం చెబుతూ సాయంత్రం చేస్తాను, నాకు తెలుసు. పద్దెనిమిది దూది ముద్దలూ బిస్కెట్ల డబ్బాలో సర్దాను. మూత బిగించాను. మూత అంచున అప్పుడే తడి.

రేపు పొద్దున ఐదున్నర బస్సుకు పోతాను. ముద్దనూరులో దిగి మారాలి. జమ్మలమడుగు నుంచి వచ్చే బస్సూ అక్కడే ఆగుతుంది. దాని వైపు చూడను, ఆ ఊరికి తర్వాత పోవాలి. తొమ్మిదికల్లా పులివెందుల. వాళ్లు గండికి బయలుదేరకముందే అందుకోవాలి. కమల గడప ముందు కాళ్లు కడుక్కుంటాను. ఆ తడి ఆరేలోపల చెప్పాలి.